పేరు చెప్పాక మోగే గంట

9 జులై 1984, సోమవారం

అహేరి నుంచి లారీలో టెలిప్రింటర్ వచ్చింది. గోనెసంచులు చుట్టి, సుతిలి తాళ్ళు బిగించి, వరిగడ్డి మీద పడుకోబెట్టి తెచ్చారు. అక్కడి ఆఫీసుకు కొత్తది ఇచ్చారట. పదమూడేళ్ళు వాళ్ళు వాడిన పాతది మాకు పంపారు. మా ప్రాణహిత కలప సొసైటీలో సిరొంచ డిపో బతుకే అంత, అన్న విడిచిన చొక్కా తమ్ముడికి. అయినా ఇన్నేళ్ళ కటకట మోర్స్ మీట నుంచి విముక్తి, అది చాలు.

నలుగురు కలిసి దించారు. లైను చూసే జంగు ఒక్కడే ఒక పక్క మోశాడు. మిషిన్ కాలుకు తీగతో కట్టిన చిన్న పొట్లం ఊడిపోతుంటే తీసి సొరుగులో వేశాను.

మధ్యాహ్నానికి తీగలు కలిపాను. పరీక్షకని 'నువ్వెవరు' మీట నొక్కాను. లోపల డ్రమ్ము ఒక చుట్టు తిరిగింది. కాగితం మీద అహేరి అని పడింది. ఆ తర్వాత కాసేపు ఆగి, గంట మోగింది. ఒక్కసారి, చిన్నగా.

నేను స్టూలు మీద కూర్చున్నాను. జంగు గుమ్మంలో చెమట తుడుచుకుంటున్నవాడు తుడుచుకోవడం ఆపాడు.

"మెహబూబ్ భాయ్, గిది భాభి గంట గదా" అన్నాడు.

10 జులై, మంగళవారం

పొద్దున్నే మేనేజర్ వచ్చి కాగితం చూశాడు. నాగపూర్ మనిషి, వచ్చి రెండు నెలలు. మనం సిరొంచ కదా, ఇది అహేరి అంటోందేమిటని అడిగాడు.

విడమరచి చెప్పాను. చంద్రపూర్ హెడ్డాఫీసు వాడు మనల్ని పిలిచినప్పుడు ముందు 'నువ్వెవరు' అంటాడు. మిషిన్ తన పేరు తానే చెబుతుంది, మనిషి ముట్టుకోనక్కర్లేదు. పేరు సరిపోతే వాడు మెసేజ్ పంపుతాడు. సరిపోకపోతే వేరే ఇంటి తలుపు తట్టాననుకొని లైను కోసేస్తాడు. ఆ పేరు లోపలి డ్రమ్ము మీద ఉంటుంది. డ్రమ్ముకు ఇరవై పట్టీలు, పట్టీకి ఒక అక్షరం, ఒక్కో పట్టీకి అయిదు పళ్ళు. ఏ పన్ను ఉంచాలో ఏది విరవాలో చార్టులో ఉంటుంది. విరిచిన పన్ను మళ్ళీ మొలవదు కాబట్టి పేరు మారాలంటే కొత్త పట్టీలు కావాలి.

"నావ్ బదలా" అన్నాడు. శనివారం లోపల పేరు మార్చాలట. ఎంత తేలిగ్గా అన్నాడో.

ఆఫీసులో ఇంగ్లీషు, మేనేజరుతో మరాఠీ, మసీదులో ఉర్దూ, జంగు ఇంటికి పోతే గోండీ. నాతో నేను మాట్లాడుకోవడానికి మాత్రం తెలుగే మిగిలింది. అందుకే ఈ పుస్తకం. మూడేళ్ళుగా ముట్టుకోలేదు, నిన్న దుమ్ము దులిపాను.

ఆ డ్రమ్ముకు పేరు కొట్టింది నేనే. 1971లో, అహేరిలో. అన్నం డబ్బా పట్టుకొని జోహ్రా ఆఫీసుకు వచ్చింది. మా పెళ్ళయి రెండేళ్ళు. నేను ఒక కన్ను చార్టు మీద, ఒక కన్ను పట్కారు మీద పెట్టి వరస తప్పుతుంటే చూసి చూసి చార్టు లాక్కుంది.

"నేను చదువుత, మీరు ఇరవుండ్రి."

ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు ఆమెకు. కానీ చార్టు నిండా నల్లచుక్కలే. చుక్క ఉన్నచోట ఉంది, లేనిచోట లేదు. ఉంది, ఉంది, లేదు, లేదు, లేదు. అలా అహేరి మొత్తం చదివేసింది. అయిదు పట్టీల్లో పేరు అయిపోయింది. ఇంకా పదిహేను ఖాళీ.

"పేరడిగితే ఊకె పేరు చెప్పి మూతి ముడుచుకుంటదా మీ మిషిన్? జర నవ్వద్దా?" అంది.

చార్టులో గంట గుర్తు చూపించాను. ఆ పట్టీ ఆమె తన చేత్తో విరిచింది, బొటనవేలు కోసుకుంది కూడా. అన్నిటికన్నా చివరి గదిలో పెట్టమంది. అందుకే పేరు చెప్పి, ఇక అయిపోయిందని మనం అనుకునేంత సేపు ఆగి, అప్పుడు మోగుతుంది. చంద్రపూర్ హెడ్డాఫీసులో ఆపరేటర్ సాంబన్నకు ఆ రోజు నుంచి అహేరి అంటే గంట.

14 జులై, శనివారం

మేనేజర్ అడిగాడు. పట్టీలు ఇంకా రాలేదని చెప్పాను.

16 జులై, సోమవారం

రోజూ పొద్దున ఎనిమిదికి చంద్రపూర్ నుంచి హాజరు ఉంటుంది. సాంబన్న ఒక్కో ఆఫీసును పిలిచి 'నువ్వెవరు' మీట నొక్కుతాడు. మిషిన్లు బడిపిల్లల్లా పేర్లు చెబుతాయి. సాంబన్న, నేను ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టుకుంటాం. ఈ సంగతి సొసైటీలో ఎవరికీ తెలియదు.

ఇవాళ హాజరు అయ్యాక ఆగి, కొట్టాడు: "వారం సంది సూస్తున్న, అహేరిలు ఇద్దరైండ్రేంది?"

నేను కొట్టాను: "పాతది మా దగ్గరికొచ్చింది."

"మొదటి దినం గంట ఇని కుర్చీలకెల్లి లేచిన. ఆరేండ్లయె ఇనక. అహేరోళ్ళ కొత్త మిషిన్ల గంటనే లేదు."

"పేరు మార్చమంటుండు మా మేనేజర్."

తర్వాత ఇలా పడింది: "ఎందుకు మార్చుడు? గంట మోగితే నువ్వు, మోగకుంటే వాండ్లు. పేరుతోని మనకేం పని."

నిజమే కదా. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్న ఇద్దరం ఉండగా మిషిన్ చెప్పే పేరుతో పని ఏముంది? వారం రోజులుగా ఒక్క మెసేజ్ తప్పిపోలేదు. మేనేజరుకు ఇదంతా చెప్పడం అనవసరం.

అతను "ఆరేండ్లయె" అన్నాడు. జోహ్రా పోయి ఆరేళ్ళు. గంట ఆ తర్వాత కూడా మొన్నటిదాకా అహేరిలో రోజూ మోగింది, మరి ఎందుకలా అన్నాడో. బహుశా ఆమె పోయిన ఏడే నేను సిరొంచకు బదిలీ అయి అక్కడ లేకపోయేసరికి అతనికీ వినపడడం మానేసిందేమో.

22 జులై, ఆదివారం

వాన. రోజంతా వాన. డిపోలో టేకు దుంగలు నల్లబడ్డాయి. ప్రాణహిత ఎర్రగా పోతోంది.

సెలవైనా ఆఫీసుకు వెళ్ళి తాళం తీశాను. మిషిన్‌కు తేమ పట్టకూడదు. మీట నొక్కాను. అహేరి అంది. ఆగాను. గంట.

అహేరి బజారు వెనక మా రెండు గదుల ఇల్లు, వాన పడితే పెంకుల కింద ఎక్కడెక్కడ గిన్నెలు పెట్టాలో జోహ్రాకు చూడకుండానే తెలుసు. సంతలో గోండు ఆడవాళ్ళు మొర్రిపళ్ళు కుప్పలుగా పోసి అమ్మేవాళ్ళు, తక్కెడ లేదు. వాళ్ళతో బేరం ఆడడానికి గోండీ అంకెలు నేర్చుకుంది. బేరం ఎప్పుడూ గెలవలేదు, అంకెలు మాత్రం వచ్చాయి. ఎండాకాలం పళ్ళు అయిపోయాక కూడా నా చొక్కా గుండీలు పెడుతూ గోండీలో లెక్కపెట్టేది.

ఇంకోసారి నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో రాయను. మిషిన్‌కు పరీక్ష అవసరం.

27 జులై, శుక్రవారం

మంచి వార్త. సొసైటీ లైను మనుషుల్లో ఆరుగురిని పర్మనెంటు చేస్తుందట. జాబితాలో జంగు పేరు ఉంది. పదహారేళ్ళుగా రోజుకూలీ. సిరొంచ నుంచి అహేరి దారిలో సగం అడవి వాడిదే, తీగ మీద పడిన వెదురు, కొమ్మలు, కోతులు తెంపిన చోట్లు అన్నీ వాడే చూస్తాడు. వాడు నడవకపోతే నా మిషిన్ మూగది.

పిలుపు వైరు మీద వస్తుంది, ఈ వానల్లో పోస్టును నమ్మలేం కాబట్టి. చెప్పిన రోజు పొద్దున పదికి చంద్రపూర్‌లో ఉండాలి. డాక్టర్ చూస్తాడు, రిజిస్టరులో సంతకం పెట్టిస్తారు. వెళ్ళనివాడి పేరు కొట్టేస్తారు. నలభై అయిదు దాటినవాళ్ళను తీసుకోరు. జంగుకు కాగితం మీద ఈ దసరాకు నలభై అయిదు నిండుతాయి. అంటే ఇదే ఆఖరి బస్సు.

వాడికి చెబితే నవ్వలేదు. గుమ్మం మీద కూర్చొని కాళ్ళ బురద పుల్లతో గీక్కున్నాడు.

"వచ్చేది గీ మిషిన్లనేనా భాయ్?"

"దీంట్లోనే."

"అయితే ఫికర్ లేదు. నువ్వున్నవు గదా."

3 ఆగస్టు, శుక్రవారం

మేనేజర్ మళ్ళీ అడిగాడు. పట్టీలు రాలేదు. ఉత్తరం రాస్తానన్నాడు. నేనే రాశానని చెప్పాను.

8 ఆగస్టు, బుధవారం

జంగు కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. తెల్లది. రహీమ్ టైలర్ కొలత తీసుకుంటుంటే ఊపిరి బిగబట్టాడట, ఇప్పుడు వదులైంది. వాడి భార్య గంగమ్మ వెదురు కొమ్ముల కూర పంపింది. తిన్నాను, గిన్నె కడిగి ఇచ్చాను. ఆమె ఏనాడూ ఖాళీ గిన్నె తీసుకోదు, ఉప్పో చక్కెరో వేసి ఇవ్వాలి. చక్కెర వేశాను.

జంగు రోజూ వచ్చి మెట్ల మీద కూర్చుంటున్నాడు. ఇవాళ ఉన్నట్టుండి నేల మీద వేలితో గీశాడు.

"యాదికున్నదా భాయ్? తార్ కాగితాల ఎనక రాయించేది భాభి. నేను ఏలుముద్ర ఏస్తనంటె మూరెడు కట్టె తీసి కొట్టవచ్చింది. నీ ఏలు నీకు బువ్వ పెడతది గని నీ పేరు చెప్తదా అన్నది. మూడు నెలలు పట్టింది నాకు రెండక్షరాలకు."

నేల మీద చూశాను. జంగు. చివరి కొమ్ము కొంచెం పొడుగ్గా సాగదీశాడు. జోహ్రా కొమ్ములన్నీ అలాగే సాగదీసేది.

"చంద్రపూర్ల సంతకం పెట్టుమంటె పెడ్త. చెయ్యి వణకకుంటె మంచిది" అన్నాడు.

13 ఆగస్టు, సోమవారం

హాజరులో సాంబన్న కొట్టాడు. కంటికి ఆపరేషన్, నెలన్నర సెలవు. రేపటి నుంచి కొత్తవాడు. "పేరు మార్చినవా?" అని అడిగాడు. అతనే వద్దన్నాడు, అతనే అడుగుతున్నాడు.

"అయిపోతది" అని కొట్టాను.

14 ఆగస్టు, మంగళవారం

కొత్తవాడు పొద్దున పిలిచాడు. నువ్వెవరు. అహేరి. గంట మోగేలోపే కోసేశాడు. మళ్ళీ పిలిచాడు, మళ్ళీ కోశాడు. మూడోసారి నేను గబగబా 'ఇది సిరొంచ' అని కొట్టబోతే రెండక్షరాలు పడకముందే లైను పోయింది. తర్వాత పిలవలేదు.

నేను పిలిస్తే మాత్రం తీసుకుంటాడు. నన్ను అహేరి అనుకొని తీసుకుంటాడు. ఇది సిరొంచ అని వివరంగా కొట్టాను. మిషిన్ చెప్పిన పేరే రూలు, ఆపరేటర్ చెప్పింది కాదు అని జవాబు. పిల్లకుంక. కానీ రూలు అదే, నేను మేనేజరుకు చెప్పింది కూడా అదే.

రేపు జెండా పండుగ సెలవు. ఎల్లుండి పేరు మార్చేస్తాను.

16 ఆగస్టు, గురువారం

డ్రమ్ము బయటకు తీశాను. చివరి గది పట్టీ మీద పాత మరక ఉంది. తుప్పు కావచ్చు.

తిరిగి పెట్టేశాను. ఇవాళ వెలుతురు చాలలేదు. యాభై మూడేళ్ళ కళ్ళకు వెలుతురు కావాలి.

18 ఆగస్టు, శనివారం

నాలుగు రోజులుగా మాకు ఒక్క మెసేజ్ లేదు. చంద్రపూర్‌లో పని తక్కువ ఉన్నట్టుంది. వానలు కదా.

21 ఆగస్టు, మంగళవారం

జంగు అడిగాడు, చంద్రపూర్ సంగతి ఏమాయెనని. రాలేదన్నాను. రాలేదు కాబట్టి రాలేదన్నాను.

పట్టీలు కూడా రాలేదు.

24 ఆగస్టు, శుక్రవారం

అహేరి బస్సు ఇవాళ వచ్చింది. వాగు పొంగి ఆరు రోజులు అవతల ఆగిపోయిన బస్సు. డ్రైవరు మాకు ఒక సంచి ఇచ్చాడు. అందులో పదకొండు మెసేజీలు, పైన అహేరి ఆపరేటర్ చీటీ: 'మీ మెసేజీలు చంద్రపూర్ వాళ్ళు మాకు పంపుతున్నారు, మేం పిలిచినా మీ లైనులో మా పేరే పలుకుతోంది, రూలు ప్రకారం వైరు మీద పంపలేం, దయచేసి చూసుకోండి.'

నాలుగోది జంగుది. పధ్నాలుగో తారీఖున బయల్దేరింది. ఇరవై రెండు, బుధవారం, పొద్దున పదికి చంద్రపూర్ రావలెను.

ఇవాళ ఇరవై నాలుగు.

చదివాను. మళ్ళీ చదివాను. తారీఖు మారలేదు.

జంగు మెట్ల మీదే ఉన్నాడు. బీడీ ఆర్పి లేచి నిలబడ్డాడు. "అచ్చిందా భాయ్?"

"రాలేదు" అన్నాను.

25 ఆగస్టు, శనివారం

వాగు పొంగకపోతే బస్సు పద్దెనిమిదికే వచ్చేది. కొత్తవాడికి కాస్త బుద్ధి ఉంటే గంట వినేదాకా ఆగేవాడు. సాంబన్న కళ్ళు ఇప్పుడే పాడవ్వాలా. అహేరి వాళ్ళు మనిషిని పంపి ఉండొచ్చు.

ఇవన్నీ రాస్తే నాలుగు వరసలు నిండాయి, అంతే.

26 ఆగస్టు, ఆదివారం, పోళా

జంగు ఎడ్లకు కొమ్ములకు రంగు వేసి, మెడలో పూసలు కట్టి, మా ఇంటి ముందుకు తోలుకొచ్చాడు. పోళా రోజు ఎడ్లను కావలసినవాళ్ళ గుమ్మాలకు తీసుకుపోతారు. అహేరిలో ఉన్నప్పుడు జోహ్రా వాటి కాళ్ళ మీద నీళ్ళు పోసి జొన్నలు పెట్టేది. నేను చెంబుడు నీళ్ళు పోశాను. గంగమ్మ పప్పు, బెల్లం పెట్టిన పోలెలు పంపింది. జంగు ఆ తెల్లచొక్కాలో ఉన్నాడు.

"చంద్రపూర్‌కు ఏసుకుందామని పెట్టిన. పండుగ గదా అని తీసిన. మల్ల ఉతికి పెడ్త" అన్నాడు.

పోలె నోట్లో పెట్టుకున్నాను. మిగతావాటికి మూత పెట్టేశాను.

ఇది నా పుస్తకం, ఎవరూ చదవరు. ఇందులో కూడా నెలన్నరగా అబద్ధం రాస్తున్నాను. వెనక్కి తిప్పి చూశాను, పట్టీలు రాలేదు, పట్టీలు రాలేదు. పట్టీలు వచ్చాయి. మిషిన్‌తో పాటే వచ్చాయి, కాలుకు కట్టిన పొట్లంలో. మొదటి రోజు నుంచీ నా సొరుగులో ఉన్నాయి. ఇరవై కొత్త పట్టీలు, పళ్ళన్నీ పదిలంగా.

27 ఆగస్టు, సోమవారం

పొద్దున హాజరుకు ముందే జంగును లోపలికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాను. వాడు ఎప్పుడూ దాని మీద కూర్చోడు. నేను నిలబడి అంతా చెప్పాను. మెసేజ్ ఇచ్చాను, పొట్లం చూపించాను, ఎందుకు మార్చలేదో కూడా చెప్పాను. చెబుతుంటే నాకే చిన్నపిల్లల సాకులా వినిపించింది.

వాడు మెసేజ్ తిరగేసి, బోర్లించి చూశాడు. అందులో వాడు చదవగలిగింది ఏమీ లేదు, ఇంగ్లీషు.

"ఇండ్ల నా పేరు ఏది?"

వేలు పెట్టి చూపించాను.

"నా పేరు నాకు రాసుడు నేర్పింది భాభి. నువ్వు ఆమె పేరు చెప్పి నా పేరు ఆపినవ్." గొంతు పెంచలేదు. "ఆమె ఉంటే ఆ కట్టె నీ మీద ఇరుగుతుండె బాబూ."

పదహారేళ్ళలో వాడు నన్ను బాబూ అనడం ఇదే మొదలు. మేనేజరును అంటాడు. బస్ కండక్టరును అంటాడు.

లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. "తియ్యి ఇగ. ఎట్ల మారుస్తరో తియ్యి" అన్నాడు.

డ్రమ్ము తీసి బల్ల మీద పెట్టాను. పట్కారు తీశాను. చార్టు పరిచాను. కళ్ళకు నీళ్ళు అడ్డం వచ్చి చుక్కలు కనిపించలేదు. జంగు చార్టు తన వైపు తిప్పుకున్నాడు. ఏ వరుసో నేను వేలితో చూపిస్తే వాడు చదివాడు. ఉన్నది, లేదు, ఉన్నది, లేదు, లేదు. పట్టీ తర్వాత పట్టీ. సిరొంచ పూర్తయ్యేసరికి మేనేజర్ సైకిల్ చప్పుడు వినిపించింది.

"మరి గంట?" అన్నాడు జంగు.

"అది అహేరిది."

"గంట ఊరిదెందుకయితది, భాభిది. పాతదాంట్లకెల్లి ఆ పట్టీ ఒక్కటి తీసి గిండ్ల పెడితే పాయె గదా."

ఈ మాట వాడు చెప్పాలా. నాకు మొదటి రోజే తెలుసు. పేరు మార్చినా గంటను ఉంచుకోవచ్చని ఈ పని తెలిసిన ఎవడికైనా తెలుసు. గంట ఎప్పుడూ పోయేది కాదు. పోయేది అహేరి ఒక్కటే. జోహ్రా సిరొంచ చూడలేదు. ఈ మిషిన్ సిరొంచ అనగానే ఆమె లేని ఊళ్ళో నేనున్నానని రోజూ పొద్దున ఎనిమిదికి ఒప్పుకోవాలి. ఆ ఒక్కటి ఒప్పుకోలేక పొట్లం సొరుగులో పెట్టాను.

చివరి గదిలో ఆ పట్టీని జంగే పెట్టాడు. వాడి వేళ్ళు లావు, మూడుసార్లకు కుదిరింది.

తర్వాత నేనే చంద్రపూర్‌ను పిలిచాను. నువ్వెవరు అంది. సిరొంచ. కాసేపు. గంట. కొత్తవాడు ఈసారి కోయలేదు, పంపమన్నాడు. పంపాను: 'జంగు తప్పేమీ లేదు. పట్టీలు చేతిలో ఉండగా పేరు మార్చక మెసేజ్ ఆలస్యం చేసింది ఆపరేటర్ మెహబూబ్. జంగును మళ్ళీ పిలవవలసిందిగా మనవి.' ఆ కాగితం నకలు మేనేజర్ బల్ల మీద పెట్టాను. అతను చదివి నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

30 ఆగస్టు, గురువారం

జవాబు లేదు. జంగు మెట్ల మీదికి రావడం లేదు. లైను మీద ఉన్నాడట.

3 సెప్టెంబరు, సోమవారం

రెండు మెసేజీలు, రెండూ నేరుగా సిరొంచకే. మొదటిది: జంగు పదో తారీఖున రావలెను. రెండోది నాకు: సంజాయిషీ ఇవ్వవలెను.

మొదటిది పట్టుకొని నేనే జంగు ఇంటికి నడిచాను. ఆగితే మళ్ళీ ఏదైనా అడ్డం వస్తుందని భయం. గంగమ్మ గుమ్మంలో నిలబడి కాగితం తీసుకుంది. కూర్చోమంది. గిన్నె ఏమీ ఇవ్వలేదు.

8 సెప్టెంబరు, శనివారం

జంగు రెండు రోజులు ముందే బయల్దేరాడు. వాగు పొంగినా నడిచి పోతానన్నాడట. నాతో చెప్పలేదు, రహీమ్ చెప్పాడు. చొక్కా భుజాలు సరిచేయించుకున్నాడట.

15 సెప్టెంబరు, శనివారం

పొద్దున పదకొండు దాటాక చంద్రపూర్ పిలిచింది. నువ్వెవరు. సిరొంచ, గంట. అప్పుడు మెసేజ్ పడడం మొదలైంది. జంగును పర్మనెంటుగా తీసుకున్నారు, ఒకటో తారీఖు నుంచి. మెసేజ్ చివర చంద్రపూర్ వాడు మళ్ళీ మీట నొక్కాడు, అందిందని రూఢి చేసుకోవడానికి. మిషిన్ మళ్ళీ సిరొంచ అంది, మళ్ళీ గంట కొట్టింది.

తల తిప్పితే జంగు గుమ్మంలో ఉన్నాడు. తీగ చుట్ట భుజాన వేసుకొని లైను నుంచి నేరుగా వచ్చాడు.

"నాదేనా?"

"నీదే."

నిలబడే విన్నాడు. నేను చదివి తెలుగులో చెప్పాను. చంద్రపూర్‌లో చెయ్యి వణికిందా అని అడిగాను.

"వణికింది. గని కొమ్ము సాగదీసిన" అన్నాడు.

ఏడ్చాను. వాడు చూస్తుండగానే. వాడు తీగ చుట్ట కింద పెట్టి, కూజాలో నీళ్ళు వంచి ఇచ్చాడు.

20 సెప్టెంబరు, గురువారం

నాకు ఆర్డరు వచ్చింది. మందలింపు, బదిలీ. సిరొంచలో పెద్ద ఆపరేటర్ పని నుంచి తీసేసి రెండో మనిషిగా వేశారు. ఎక్కడికో చదివి, గట్టిగా నవ్వాను. మేనేజర్ లోపలి నుంచి తొంగి చూశాడు.

అహేరికి.

1 అక్టోబరు, సోమవారం, అహేరి

బజారు వెనక ఇల్లు లేదు. అక్కడ ఎరువుల దుకాణం కట్టారు. దుకాణం వాడు నన్ను చూసి ఏం కావాలన్నాడు. ఏమీ వద్దన్నాను. కబరస్తాన్‌కు వెళ్ళాను, ఆ సంగతి రాయను.

ఇక్కడి మిషిన్ కొత్తది. నున్నగా ఉంది. నువ్వెవరు అంటే అహేరి అంటుంది, మూతి ముడుచుకుంటుంది. నా పై ఆపరేటర్‌కు పాతికేళ్ళు. చీటీ రాసినవాడు ఇతనే. మర్యాద తెలిసినవాడు, చాయ్ తనే తెస్తాడు.

9 అక్టోబరు, మంగళవారం

పర్మనెంటు లైను మనుషులు వారానికోసారి అహేరి రిజిస్టరులో సంతకం చెయ్యాలి. మధ్యాహ్నం జంగు వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద. "దస్తఖత్ ఏడ పెట్టాలె బాబూ?" అని నా పై ఆపరేటర్‌ను అడిగాడు. రిజిస్టరు నా బల్ల మీద ఉంది. నేను తిప్పి ముందు పెట్టాను, కలం ఇచ్చాను.

నాలుక బయట పెట్టి రాశాడు. జంగు. చివరి కొమ్ము పక్క గీత దాటి పోయింది. నేను దాని కింద తారీఖు వేశాను.

చాయ్ తాగాడు. తాగి గ్లాసు కడిగి బోర్లించాడు. గంగమ్మ ఇచ్చిందని సంచిలోంచి గిన్నె తీసి బల్ల మీద పెట్టాడు. మూత తీయలేదు, వాసన బట్టే తెలిసింది. గుమ్మం దాటుతూ ఆగాడు.

"గిన్నె వచ్చే వారం తీస్కపోత. ఖాళీ ఇయ్యకు భాయ్."

10 అక్టోబరు, బుధవారం

హాజరు అయ్యాక, పై ఆపరేటర్ చాయ్‌కు వెళ్ళిన సమయం చూసి సిరొంచను పిలిచాను. 'నువ్వెవరు' మీట నొక్కాను. సిరొంచ అని పడింది. నేను ఆగాను. నా చేతి కింద గంట మోగింది.

అటు నుంచి కొత్త ఆపరేటర్ కొట్టాడు, ఏం పని అని.

లైను బాగుందో లేదో చూశాను అని కొట్టాను. ఇది కూడా అబద్ధమే, కానీ దీనివల్ల ఎవరి బస్సూ తప్పదు. రేపు కూడా చూస్తాను.